అప్పలనాయుడి మోచెయ్యి

కుళ్ళు అనే మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. ఒకటి టమాటాలకు పట్టేది, రెండోది మనుషులకు పట్టేది. నా కుడి చేతికి మొదటిది పడుతుందేమోనని మా అమ్మ వారాల తరబడి భయపడింది. రెండోది నాకు నిలువెల్లా పట్టిన సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. అది ఎక్స్‌రేలో కనపడదు.

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఇలాంటి దెబ్బే తగిలి, చెయ్యి తడిసిన చొక్కాలా వేలాడుతుంటే ఏ ఆసుపత్రి వరండాలోనో కూర్చున్నవాళ్ళు దీన్ని చదివితే వాళ్ళకొక మాట పనికొస్తుంది. ఆ మాట మధ్యలో ఎక్కడో ఉంది. వెతుక్కోండి, వరండాలో మీకు వేరే పనేం ఉంటుంది గనక.

మొదటి వారం

మాది పాతపట్నంలో బట్టల కొట్టు. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, నేను గుడ్డ కొలిచి చింపుతాను. అంచు మీద కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగితే గుడ్డ నిట్టనిలువునా చిరుగుతుంది. మా కొట్లో ఆ చప్పుడు నాది.

ఆ రోజు విజయనగరం నుంచి మా అక్క మొగుడు, అంటే మా బావ, ఊరికి వచ్చాడు. టెక్కలి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మా బట్టల బేలు, అంటే పెద్ద మూట, దిగింది, సంతకం పెట్టి తెచ్చుకోవాలి. ఇద్దరం బయల్దేరాం. బండి బావ తోలుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను.

దారిలో ఒక ఊరి ముందు రోడ్డు మీద ఉలవకట్టె పరిచి ఉంది. మా వైపు ఇది మామూలే. కోసిన ఉలవ మొక్కల్ని తారురోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బళ్ళే తొక్కి గింజ రాలుస్తాయి. ఆ రోజు నూర్పులో మేమూ పాల్గొన్నాం.

"మెత్తగానే ఉంటాదిలేరా," అన్నాడు బావ బ్రేకు వేస్తూ.

బండి ఎలా జారిందో తెలీదు. నా కుడి భుజం ఒక దిక్కుకు, తల ఇంకో దిక్కుకు వెళ్ళాలనుకున్నాయి. మెడ కింద భగ్గున మంట లేచి, కరెంటు షాకులా వేళ్ళ దాకా పాకింది. ఆ తర్వాత చెయ్యి నాది కాదు. బావ లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఆయనకు జరిగిన నష్టం మోకాలి మీద ఒక గీత, చొక్కాకి ఒక గుండీ.

ఆ మోకాలిని చూసి నాకు మొదటిసారి కుళ్ళు పుట్టింది.

శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు మూడు మాటలు చెప్పాడు: ఎముక విరగలేదు, నరం దెబ్బతింది, ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకెళ్ళండి. మా అమ్మ మొదటి మాట వినగానే దండం పెట్టేసింది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ కబురు వెళ్ళిపోయింది, "ఎముక ఇరగలేదంట" అని. నేను ఏదో పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనట్టే. మిగతా రెండు మాటలూ ఆసుపత్రి మెట్ల మీద ఎక్కడో జారిపోయాయి.

భుజం లేవదు, మోచెయ్యి మడవదు. వేళ్ళు మాత్రం నీరసంగా కదులుతున్నాయి. ఆ వేళ్ళే నా కొంప ముంచాయి.

నూనె రాసిన ఏడు వారాలు

మనకు ఒంట్లో ఉన్నవన్నీ నరాలే. సెలైను సూది గుచ్చేది నరానికి. పిక్క పట్టేస్తే నరం. మెడ తిరక్కపోతే నరం. ఊరి గోడల మీద రాసే మందుల ప్రకటనల నిండా నరాలే. అందుకని డాక్టరు "నరం" అంటే మా ఇంట్లో ఎవరూ బెదరలేదు.

"నరమే కదేటి," అన్నాడు నాన్న. "సర్దితే సర్దుకుంటాది."

సర్దేవాడు దొరికాడు. నూనె తాత అని పిలిచేవాళ్ళం. మెత్తని చేతులు, అంతకన్నా మెత్తని మాట. నా భుజం తడిమి కళ్ళు మూసుకున్నాడు.

"నరం ముడి పడ్డాది బాబూ. ముడి ఇప్పాల."

"ఎన్నాళ్ళు పడతాది తాతా?"

"అది ముడిని బట్టి ఉంటాది."

నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. విశాఖ వెళ్తే కోస్తారని నాకు తెలుసు. ఇక్కడైతే ముడి విప్పుతారు. డిగ్రీ చదివిన నేను ముడినే ఎంచుకున్నాను. అనుమానం వచ్చినప్పుడల్లా తాత నా వేళ్ళు చూపించేవాడు. "ఏళ్ళు కదుల్తన్నాయి కాదేటి? కిందన ఉన్నాది, పైకి ఎక్కుతాది." లిఫ్టు సంగతి చెప్పినట్టే ఉండేది.

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా చేతులే కనిపించేవి. అప్పడం విరిచే చేతులు, గొడుగు తెరిచే చేతులు, దోమను రెండు అరచేతుల మధ్య కొట్టే చేతులు. అన్నింటికన్నా పిండికట్టు వేయించుకున్నవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. కట్టు ఉన్నవాడికి బస్సులో సీటు ఇస్తారు, ఎలా పడ్డావని అడుగుతారు. నాకు కట్టు లేదు. వేలాడకుండా కుడి చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడితే కండక్టరు, "జేబులోంచి సెయ్యి తీసి కమ్మీ పట్టుకోరా, హీరోలా నిలబడ్డావు," అన్నాడు. హీరోని అని ఒప్పుకోవడమే సులువనిపించింది.

కొట్లో నూనె వాసనకు నన్ను గుడ్డల దగ్గరికి రానివ్వలేదు. ఒక ఉదయం నాన్న టిఫినుకు లోపలికి వెళ్తే ఒడిశా సరిహద్దు అవతలి ఊరి ముసలమ్మ ఒకావిడ బోణీకి వచ్చింది. చింపి ఉంచిన జాకెట్టు ముక్క తీసి ఎడమ చేత్తో ఇచ్చాను.

"బోణీ బేరం ఎడం సేత్తో ఇస్తావేటి బాబూ? నానొల్లను."

కారణం చెప్పొచ్చు. చెప్తే ఆవిడ "అయ్యో" అంటుంది, ఆ "అయ్యో" నాకు అక్కర్లేదు. అందుకని కుడి చేతి వేళ్ళలో ముక్క ఇరికించి, ఆ కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, దుంగను మోసుకెళ్ళినట్టు మోసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కాసేపు చూసింది. అయ్యో అనలేదు. ఇంకో రెండు ముక్కలు కొంది. ఒక్కో ముక్కకీ నా చెయ్యి మళ్ళీ మోసుకెళ్ళాల్సి వచ్చింది.

ఏడో వారంలో బావ వచ్చాడు. నేను చొక్కా లేకుండా నూనెకు సిద్ధంగా కూర్చుని ఉన్నాను. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒరే ప్రసాదూ, భుజం ఏదిరా?"

"ఉన్నాది కదా బావా."

"ఎముకున్నాది. కండేది?"

అద్దంలో చూసుకున్నాను. భుజం గూడు బట్టలు తగిలించే హ్యాంగరులా బయటికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే బావ కారు మాట్లాడి నన్నూ అమ్మనూ ఎక్కించాడు. ఉలవల కాలం కాకపోయినా బావ ప్రతి ఊరి ముందూ డ్రైవరుతో "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నాడు.

విశాఖ

ఆ ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటాయి. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. నా వరసలో చివర కూర్చున్నాయన దగ్గుతుంటే ఇవతల నా చెయ్యి ఊగుతోంది. అలా పరిచయమయ్యాడు అప్పలనాయుడు. కొత్తవలస దగ్గర రైతు, నలభై దాటినవాడు. ట్రాక్టరు తొట్టి మీంచి పడ్డాడు. ఆయన కుడి చెయ్యీ నాలాగే వేలాడుతోంది. పక్కన ఆయన భార్య ఎర్నమ్మ, ఒళ్ళో కాగితాల సంచి.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది మా అమ్మ.

"పద్దెనిమిది రోజులమ్మా. పడ్డనాడు సెయ్యి గిల్లి సూసినాను. నొప్పి లేదన్నాడు. నొప్పుంటే ఇంటికాడే ఉందుము. నొప్పి లేదంటే నాకు బయమేసి, ఆస్పత్రులు తిరిగి తిరిగి ఇక్కడికి తీసుకొచ్చీసినాను. మీ వోడికి ఎన్నాళ్ళయింది?"

"ఈమధ్యనే," అన్నాను అమ్మ నోరు తెరిచేలోపు.

ఎర్నమ్మ సంతకం బదులు వేలిముద్ర వేస్తుంది. నా డిగ్రీ సర్టిఫికెట్టుకు లామినేషను చేయించారు.

లోపల సూదులు గుచ్చి, కరెంటు పెట్టి, గంటసేపు పరీక్షలు చేశాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. నూనె సంగతి వింటున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"నరం అంటే రక్తం పారేది కాదమ్మా. ఇది కరెంటు తీగ లాంటిది. మెదడు చెప్పిన మాట కండకు చేరవేస్తుంది. ఆ తీగ మెడ దగ్గర ఊడిపోయింది. నూనె రాస్తే తీగ అతుక్కుంటుందా?"

పనికొచ్చే మాట అన్నాను కదా, అది ఇదే. ఎవరైనా మీకు నరం దెబ్బతిందని చెబితే ఇంటికి వచ్చెయ్యకండి. "ఏ నరం సార్? రక్తం పారేదా, కబురు మోసేదా?" అని అక్కడే అడగండి. రెండోదైతే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. దీపం పెట్టడం, దిష్టి తియ్యడం, మేనమామను అడగడం వచ్చాక చూసుకోవచ్చు.

"సెయ్యి కుళ్ళిపోద్దేటి డాక్టరు బాబూ?" అంది అమ్మ.

"కుళ్ళదమ్మా, రక్తం బాగానే ఆడుతోంది. కండ ఎండిపోతుంది. అది పూర్తిగా ఎండేలోపు కొత్త తీగ దాన్ని చేరాలి. తీగ చాలా నెమ్మదిగా పాకుతుంది. మీరు ముందే వచ్చుంటే ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు వస్తుందో రాదో చెప్పలేను. ఆపరేషనైన ఏడాదిలోపు మోచెయ్యి కదలకపోతే ఇక ఆశ పెట్టుకోకూడదు."

అమ్మ నా వైపు చూడలేదు. తిడితే బాగుండేది.

ఆపరేషను ఏమిటంటే, పక్కటెముకల దగ్గర ఊపిరి పీల్చడానికి పనిచేసే నరాల్లోంచి కొన్నిటిని తీసి మోచెయ్యి మడిచే కండకు కలుపుతారట. నాకూ నాయుడికీ ఒకే పద్ధతి, ఒకే వారంలో.

"అంటే ఊపిరి పీలిస్తే సెయ్యి లేస్తాదా?" అన్నాడు బావ.

"మొదట్లో అంతే. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కదులుతుంది. తర్వాత తర్వాత మెదడే నేర్చుకుంటుంది."

బావ నా చెవిలో, "పెళ్ళిలో తుమ్మితే పెళ్ళికూతురి తండ్రికి సెల్యూట్ కొడతావన్నమాట," అన్నాడు. వారం తర్వాత ఆపరేషను థియేటరు తలుపు దగ్గర నాకు గుర్తొచ్చిన ఆఖరి మాట అదే. దేవుడి పేరు కోసం ప్రయత్నించాను, రాలేదు.

అక్క ఇల్లు

కుట్లు మానాక నన్ను విజయనగరంలో అక్క ఇంట్లో ఉంచారు. వారానికి మూడు రోజులు అక్కడి ఫిజియోథెరపీ గదికి వెళ్ళాలి. నాయుడూ ఎర్నమ్మా కొత్తవలస నుంచి రైల్లో అక్కడికే వచ్చేవారు.

ఇంట్లో నాకు స్నానం చేయించేది బావ. అన్నం కలిపేది బావ. చొక్కా గుండీలు పెట్టేది బావ. ఎదురుగా నిలబడి పనిచేసే ఆ రెండు చేతుల్ని రోజూ ఉదయం తొమ్మిదింటికి అంత దగ్గర నుంచి చూడాల్సి వచ్చేది. ఒక రోజు నోరు జారింది.

"నీకేం బావా, ఆ రోజు నీది గుండీయే కదా ఊడింది."

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. వంటింట్లో అక్క గరిటె చప్పుడు కూడా ఆగింది.

"ఆ రోజు నువ్వు తోలతానన్నావు," అన్నాడు బావ. "నానే ఇవ్వలేదు. నీకు గురుతు లేదు గానీ నాకున్నాది. నీకు సెయ్యి పోనాది, ఊరందరికీ కనబడతన్నాది. నాది ఎవడికి సూపించమంటావు?"

గొప్ప సన్నివేశమే. మేమిద్దరం కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోటు. కానీ ఆ ఊపులో బావ గుండీలన్నీ ఒక కంత తేడాతో పెట్టేశాడు. విప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. రెండోసారి పెడుతున్నంతసేపూ ఎవరం ఎవరి మొహమూ చూడలేదు. ఆ రోజు అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువ పడింది. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పినట్టో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఐదో నెల

ఆపరేషనైన ఐదో నెలలో అప్పలనాయుడి చెయ్యి కదిలింది.

చుట్ట వెలిగించబోయి ఎర్నమ్మ తిట్టేసరికి దగ్గాడట. దగ్గుతో పాటు మోచెయ్యి ఎగిరిందట. ఫిజియోథెరపీ గదిలో మా అందరి ముందూ మళ్ళీ దగ్గి చూపించాడు. ఒళ్ళో ఉన్న చెయ్యి చేపలా ఎగిరి పడింది. మాకు వ్యాయామాలు చేయించే మేడమ్ చప్పట్లు కొట్టింది. ఎర్నమ్మ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అందరికీ పంచింది.

"నీది కూడా వచ్చీస్తాది సావుకారుబాబూ," అని నా ఒళ్ళో రెండు గుప్పిళ్ళు పోసింది. ఆ కాయలు చాలా రుచిగా ఉన్నాయి. అది ఇంకా బాధ.

ఆయనకు ముప్ఫయ్యేళ్ళ చుట్టదగ్గు ఉంది. నాకు ఆ పెట్టుబడి లేదు. ఇంటికి వచ్చి గది తలుపేసుకుని నేనూ దగ్గాను. అక్క మిరియాల పాలు తెచ్చింది. తుమ్ము కోసం ముక్కులో దారం పెట్టుకున్నాను. తుమ్ము వచ్చింది, చెయ్యి రాలేదు.

ఆరో నెలలో ఆయన చెయ్యి జానెడు లేచింది. ఏడో నెలలో దగ్గక్కర్లేకుండా ఊపిరికే లేచింది. నేను బల్ల మీద పడుకుని "పీల్చండి, వదలండి" అని మేడమ్ అంటుంటే పీల్చి వదులుతూ ఆయన్నే చూస్తుండేవాణ్ణి. నా కండ మీద వేళ్ళు పెట్టి ఆవిడ ప్రతిసారీ కాసేపు ఆగేది. తర్వాత "పరవాలేదు, ఇంకా టైముంది," అనేది. ఆ ఏడు వారాలు నేను నూనెకు ధారపోయకుండా ఉంటే అనే లెక్క రోజూ అక్కడికే వచ్చి ఆగేది. ఆయన పద్దెనిమిదో రోజున వచ్చాడు. ఆయన చెయ్యి లేచినప్పుడల్లా నాకు అది చెయ్యిలా కాక పద్దెనిమిది అనే అంకెలా కనిపించేది.

అమ్మ ఫోను చేసి "ఏటైనా కదిలిందా?" అని అడగడం మానేసింది. "తిన్నావా?" అనేది. రెండో ప్రశ్న మొదటిదానికన్నా భయంగా ఉండేది.

ఎనిమిదో నెల

ఆ రోజు నాయుడి మణికట్టుకు చిన్న ఇసుక సంచి కట్టారు. ఆయన ఊపిరి బిగించి, ఆ సంచితో సహా చేతిని గుండెల దాకా ఎత్తేశాడు. గది గదంతా చప్పట్లు. నేను కొట్టలేదు, నాకు మంచి సాకు ఉంది. నా లోపల ఏదో రగిలి, నాకు తెలియకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాక్కున్నాను.

"ఆగండి," అంది మేడమ్. ఆవిడ వేళ్ళు నా కండ మీదే ఉన్నాయి. "ఇప్పుడేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు మేడమ్."

"చేశారు. కండ నా వేలి కింద కొట్టుకుంది. మళ్ళీ అదే చెయ్యండి."

నాయుడి వైపు చూశాను. ఆయన ఇసుక సంచి దించకుండా ఎర్నమ్మకు చూపించి నవ్వుతున్నాడు. మళ్ళీ రగిలింది. ఈసారి నేనే చూశాను. చర్మం కింద చిన్న పురుగు తిరిగినట్టు ఒక కదలిక.

"వచ్చేసింది!" అంది మేడమ్. "ఏం తలుచుకున్నారు?"

"అమ్మవారిని," అన్నాను.

"అయితే రోజుకి వందసార్లు తలుచుకోండి. అదే మీ వ్యాయామం."

కుళ్ళుకోవడం రోజుకు వందసార్లు అని చీటీ మీద రాయించుకున్న రోగిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కబురు తెలిసి బావ ఆఫీసులోంచి అలాగే వచ్చేశాడు. నా కండ మీద బొటనవేలు పెట్టి "ఏదీ" అన్నాడు. పీల్చాను. "ఇంకోపాలి." పీల్చాను. అలా పదకొండు సార్లు. ఆఖర్న మొహం గోడవైపు తిప్పుకుని, "ఇక సాల్లేరా, ఊపిరైపోద్ది," అన్నాడు. అమ్మకు ఫోను ఆయనే చేశాడు. అమ్మ అంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత "తిన్నారా?" అంది.

ఇప్పుడు నా మోచెయ్యి నోటి దాకా వస్తుంది, కొంచెం ఊపిరి ఖర్చు చేస్తే. భుజం ఇంకా మాట వినడం లేదు. గుడ్డ చింపడం నాన్నే చేస్తున్నాడు, వంకరగా.

ఇంకొక్క సంగతి ఉంది. చెప్పకపోయినా ఎవరికీ తెలీదు, కానీ ఇంత చెప్పాక అది దాచుకోవడం బాగుండదు.

కండ కదిలిన కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద నేనూ నాయుడూ కూర్చున్నాం. ఎర్నమ్మ మందుల కొట్టుకు వెళ్తూ బిస్కట్ ప్యాకెట్టు ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమ చేత్తో లాగాడు, రాలేదు. పళ్ళతో పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వండి మావా."

ఎడమ చేత్తో ప్యాకెట్టు నా ఒళ్ళోకి తెచ్చుకుని, కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ అంచు మీద పెట్టాను. ఆ వేళ్ళు మొదటి రోజు నుంచీ కదులుతున్నవే. వాటిని నేనెప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

పక్కన ఏదో కదిలింది. నాయుడి మోచెయ్యి ఒళ్ళోంచి జానెడు పైకి లేచింది. అది వ్యాయామం చేసే సమయం కాదు. ఆయనకు దగ్గు రాలేదు. ఆయన కళ్ళు నా వేళ్ళ మీద ఉన్నాయి.

అప్పుడు, అన్ని నెలల్లో మొదటిసారి, మోచెయ్యి దాటి ఆయన చేతి కిందికి చూశాను. వేళ్ళు లోపలికి ముడుచుకుని నున్నగా మెరుస్తున్నాయి. ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి.

"ఏళ్ళు రావంట బాబూ," అన్నాడు. "డాక్టరు ముందే సెప్పీసేడు. నాది మొత్తం పోనాదంట, మోసెయ్యి ఒకటే వస్తాదంట. నీవి మొదట్నించీ కదుల్తన్నాయి కదా?"

"కదుల్తన్నాయి మావా."

"తెలుసులే. వొచ్చిన్నాటి కాణ్ణించీ సూస్తన్నాను."

నా వేళ్ళ మధ్య అంచు చిక్కింది. ఒక్క లాగు లాగితే విడిపోతుంది.

నేను లాగలేదు. నిదానంగా, ఆయనకు కనపడేలా, ఒక్కో మడతా తీస్తూ విప్పాను. ఆయన చెయ్యి ఇంకో అంగుళం లేచింది.